పదిహేనో సీటు

"ఆడపిల్లకి మెకానికలా? కాఫీ తాగి వెళ్ళిరండి మేష్టారూ," అన్నాడు పట్టాభిరామయ్య.

ఎలీషా మేష్టారు కాఫీ గ్లాసు ముట్టుకోలేదు. తాగేస్తే లేవాలి. లేస్తే అంతా అయిపోయినట్టే.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. సాయంత్రం ఐదింటికి ఏలూరు ఇంజనీరింగు కాలేజీలో అడ్మిషన్లు మూసేస్తారు. మెకానికల్లో పదిహేనుమంది చేరకపోతే బ్రాంచే ఎత్తేస్తామని యాజమాన్యం తేల్చి చెప్పేసింది. ఇప్పటికి పద్నాలుగుమంది. బ్రాంచి పోతే, అందులో పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఎలీషా కూడా పోయినట్టే. నలభై ఎనిమిదేళ్ళ మెకానికల్ మేష్టారికి ఈ రోజుల్లో ఎవడిస్తాడు కొత్త ఉద్యోగం? అందుకే పది రోజులుగా పాఠాలు పక్కన పెట్టి, బ్యాగులో అప్లికేషన్లు పెట్టుకుని కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ గుమ్మం గుమ్మం తిరుగుతున్నాడు. మొదట్లో సలహాలిచ్చేవాడు. ఇప్పుడు అడుక్కుంటున్నాడు.

అంతలో పట్టాభిరామయ్య కూతురు శ్రీదుర్గ రొయ్యల చెరువు గట్టు మీంచి వచ్చింది. మోచేతుల దాకా గ్రీజు.

"నాన్నగారూ, మూడో ఏరియేటరు తిరుగుతోందండి. బేరింగు పోయింది, మార్చేశాను. నీళ్ళలో రొయ్యకి ఇంక గాలికి ఫర్వాలేదు."

ఎలీషాకి ప్రాణం లేచొచ్చింది. "విన్నారాండీ! మా థర్డ్ ఇయర్ కుర్రాళ్ళకి కూడా చేతకాదండీ ఆ పని."

"మా చెరువు మీద మేం చేసుకుంటే ఎవరూ అడగరండి. ఫ్యాక్టరీలో మగాళ్ళ మధ్య చేస్తే ఊరంతా అడుగుతుంది. దీన్ని కంప్యూటర్లో వేస్తాను. ఏసీ గదిలో చల్లగా కూర్చుంటుంది."

"నాకు మెకానికలే కావాలండి," అంది శ్రీదుర్గ.

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

ఆ పిల్ల లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. తలుపు మీద గ్రీజు మరక పడింది.

"ఏవండీ, పిల్ల ఇష్టం కూడా చూడాలి కదండీ," అన్నాడు ఎలీషా. "మనం పెద్దవాళ్ళం, మన భయాలు వాళ్ళ మీద రుద్దకూడదండీ. వాళ్ళు ఏం కావాలంటున్నారో అడగాలి, వినాలి." అలా చాలాసేపు చెప్పాడు. పిల్లల ఇష్టం గురించి ఆయన అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి.

పట్టాభిరామయ్య అంతా విని, తాపీగా అడిగాడు. "మీకు ఆడపిల్లలున్నారాండీ?"

"ఒక్కతేనండి. జ్యోత్స్న. ఈ ఏడే చేరింది, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు."

"ఏ బ్రాంచండీ?"

ఎలీషా బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాడు. జ్యోత్స్న చేత ఆప్షన్లు దగ్గరుండి పెట్టించింది తనే. మొదటి దాన్నుంచి చివరి దాకా అన్నీ కంప్యూటర్ సైన్సే. నీకేం కావాలమ్మా అని అడగాలని కూడా తోచలేదు. కాలేజీలో చేర్చడానికి వెళ్ళే తీరిక కూడా లేక, భార్య సువార్తమ్మని తోడిచ్చి పంపాడు. ఆ రోజు కూడా ఎవరి గుమ్మంలోనో ఇలాగే కూర్చున్నాడు.

గడియారం పావుతక్కువ నాలుగు.

"మెకానికలేనండి," అన్నాడు, ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పే ఆ నోటితోనే.

"అలాగా!" పట్టాభిరామయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అయితే ఒక్కసారి అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. ఏమీ అనుకోకండి, ఊళ్ళోకొచ్చే ప్రతి కాలేజీ వాళ్ళూ ఏదో ఒకటి చెబుతున్నారు. మీరు మాట్లాడకండి. నేనే అడుగుతాను."

కాదంటే దొరికిపోతాడు. ఔనంటే ఇంకాస్త ఆగి దొరికిపోతాడు. ఎలీషా నంబరు నొక్కాడు. కూతురు ఫోన్ ఎత్తకుండా ఉంటే చాలు ప్రభువా అనుకున్నాడు. రెండో రింగుకే ఎత్తింది. వెనకాల సుత్తి దెబ్బలు, ఇనుము రాస్తున్న చప్పుడు.

"డాడీ, వర్క్‌షాప్‌లో ఉన్నాను. ఏంటండీ?"

మొదటి ఏడాది వర్క్‌షాప్ అన్ని బ్రాంచీల వాళ్ళకీ ఉంటుంది. అది ఎలీషాకి తెలుసు, పట్టాభిరామయ్యకి తెలియదు. ఆ చప్పుడుకే సరిపెట్టుకుంటే బాగుండును. సరిపెట్టుకోలేదు.

"అమ్మా, నా పేరు పట్టాభిరామయ్య. మీ నాన్నగారు మా ఇంట్లోనే ఉన్నారు. నువ్వు ఏ బ్రాంచిలో చేరావో నీ నోటితో చెప్పమ్మా."

ఎలీషా కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం సంగతి మర్చిపోయాడు. కూతురి నోటితోనే అబద్ధాలకోరు కాబోతున్నానని సిగ్గుతో చచ్చిపోయాడు.

"డాడీ వింటున్నారాండీ?" మెల్లగా అడిగింది జ్యోత్స్న.

"వింటున్నారమ్మా."

ఫోన్లో సుత్తి దెబ్బల చప్పుడు దూరమైంది.

"మెకానికలండి."

పట్టాభిరామయ్య ఎలీషా వంక చూశాడు. తర్వాత గుమ్మంలో ఉన్న కూతురి చేతుల వంక చూశాడు. "చేతులు కడుక్కుని సర్టిఫికెట్లు పట్రామ్మా," అన్నాడు. శ్రీదుర్గ చేతులు కడుక్కోకుండానే పరిగెత్తింది.

నాలుగుంపావుకి సంతకమైంది. ఎలీషా ఒరిజినల్స్ బ్యాగులో పెట్టుకుని, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, స్కూటర్ దగ్గరికి వచ్చి మళ్ళీ ఫోన్ చేశాడు. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు.

"డాడీ, తిట్టకండి," అంది జ్యోత్స్న ముందే.

"తిట్టడమేంటి తల్లీ! నా ఉద్యోగం నిలబెట్టావు. నేను చెప్పిన అబద్ధాన్ని అంత చప్పున ఎలా కనిపెట్టావమ్మా?"

"అబద్ధమేంటి డాడీ? ఆఖరి రోజున నేనే ఆప్షన్లు మార్చేసుకున్నాను... మీకు తెలిసిపోయిందనుకుని నిజం చెప్పేశాను!"