పొద్దుగాల వచ్చే ఫోన్

షట్టర్ పైకి లేపేసరికే లోపల ఫోన్ మోగుతోంది.

యమున చెప్పులతోనే వెళ్లి రిసీవర్ ఎత్తింది.

“హలో, సుదర్శన్ జంపఖానాలు.”

అవతల ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. అంతే, పెట్టేశారు.

“మళ్లీ గదేనా అమ్మా?” కూతురు పూజ అడిగింది.

“గదే. రోజూ దుకాణం తెరిచే టైముకే. మీ పెద్దబాపు పనే.”

యమున భర్త సుదర్శన్ పోయి ఏడాది. అతని అన్న కిషన్ రావుది ఎదురు దుకాణమే. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలే ఇద్దరూ అమ్ముతారు. కానీ టెంట్ హౌస్‌లవాళ్లు, ఫంక్షన్ హాళ్లవాళ్లు ఫోన్ చేసేది సుదర్శన్ నంబర్‌కే. ప్రతి జంపఖానా మూలన కుట్టిన గుడ్డముక్క మీద ఆ నంబరే ఉంటుంది.

ఆ నంబర్ పోతే దుకాణం పోయినట్టే.

మధ్యాహ్నం కిషన్ రావు వచ్చాడు.

“ఎందుకీ తిప్పలు యమునా? ఆ ఫోన్ నా దుకాణంల పెట్టిస్త. నువ్వు ఇంట్ల నిమ్మళంగ కూసో.”

“ఇంట్ల కూసుంటే నిమ్మళం ఉంటదని ఎవరు చెప్పిండ్రు బావా?”

“నువ్వు మగ్గాల కాడికి పోంగనే ఈడ ఫోన్ మోగుతది. ఎత్తేటోళ్లు ఉండరు. గిరాకీ వాపస్ పోతాంది.”

అది నిజం. నిజం కాబట్టే యమునకు ఇంకా కోపం వచ్చింది.

“మోగించేది మీరే గద! పొద్దున్నే చేసి, గమ్మున పెట్టేస్తాండ్రు.”

“నాకేం పని లేదా? నీతో మాట్లాడాల్నంటే నా దుకాణంలకెల్లి కేకేస్తే ఇనపడ్తది.”

సరుకు దింపుతున్న ఆటో అతను నవ్వాడు. యమున నవ్వలేదు.

“నంబర్ ఇయ్య బావా. బజార్ల చెప్పుకోండ్రి, చుట్టాలకు చెప్పుకోండ్రి. ఇయ్యనంటే ఇయ్య.”

ఆ రాత్రే పూజ ఒక దారి చెప్పింది.

“ఫోన్‌ను ఇంటర్నెట్ మీదికి మారుద్దాం అమ్మా. నంబర్ గదే ఉంటది. తీగతోటి పని లేదు. నువ్వు మగ్గాల కాడున్నా, బస్సుల ఉన్నా నీ సెల్‌ల మోగుతది. ఎవరు చేస్తాండ్రో నంబర్ పడ్తది. వద్దనుకున్నోళ్లను ఆపెయ్యచ్చు.”

“ఆపెయ్యచ్చా?”

యమున అదొక్కటే మళ్లీ అడిగింది.

కొత్త ఫోన్ మొదలైన మర్నాడు, షట్టర్ లేపుతుండగానే చేతిలో సెల్ మోగింది. తెర మీద తెలియని నంబర్.

“ఎవడ్రా నువ్వు?”

అవతల అదే ఊపిరి చప్పుడు.

“కిషన్ రావు పెట్టిండా నిన్ను? మొగడు పోయిండు, భయపడి దుకాణం మూస్తదనుకున్నరా? పోయి చెప్పు. మూయనంటే మూయ!”

ఒక ముసలి గొంతు తడబడింది.

“ఎత్తినవ్ గద బిడ్డా. చాలు.”

పెట్టేశాడు.

“చాలట! ఎంత పొగరు సూడు!”

పూజ చేసిపెడతానన్నా యమున సెల్ ఇవ్వలేదు. ఆ నంబర్‌ను తన వేలితోనే నొక్కి బ్లాక్ చేసింది.

ఆ తర్వాత పొద్దుటి ఫోన్ రాలేదు.

మగ్గాల చప్పుడు మధ్య నిలబడి పరకాల టెంట్ హౌస్‌కు ధర చెప్పింది. బస్సులో కూర్చుని పెండ్లి ఆర్డర్ ఖాయం చేసింది. ఒక్క గిరాకీ కూడా వాపస్ పోలేదు.

“నీ దుకాణంల ఫోన్ మోగుతలేదేంది? లైన్ పోయిందా?” ఎదురు దుకాణం నుంచి కిషన్ రావు అరిచాడు.

“పోలే బావా. నాతోటే తిరుగుతాంది!”

ఒకరోజు ఒక పెద్దావిడ వచ్చి మెట్ల దగ్గరే నిలబడింది.

“రా అమ్మా. ఇంట్లకా, పెండ్లికా?”

“కొనేతందుకు రాలే బిడ్డా. సుదర్శన్ దుకాణం గిదేనా?”

“గిదే. కూసో.”

“నా పేరు సమ్మమ్మ. మా ఆయన యాకయ్య, ఫోన్ల లైన్‌మన్ చేసి రిటైరయిండు. మొన్న దవాఖానల పానం పోయింది.”

“అయ్యో.”

యమున మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు.

“పోయే ముంగట మీకు చెప్పి రమ్మన్నడు. ఇగ మీ లైన్ చూసేటోడు లేడు, పాడైతే ఆఫీసుల అడగమన్నడు.”

“మా లైనా? ఆయనెందుకు చూసిండు?”

సమ్మమ్మ నడుము నిటారుగా చేసుకుంది.

“మోరీ కాలువ తవ్వినప్పుడు ఈ గల్లీ లైన్లన్నీ తెగినయి. బాగు చేసుడు దండుగ అన్నరు పైవోళ్లు. ఈయన ఇనలే. ‘నేను గుంజిన తీగలల్ల ఒక్కటన్న బతకాలె’ అని మీ లైన్ మిద్దెల మీదికెల్లి కలిపిండు. రిటైరయినోడివి, ముట్టుకోవద్దని తిట్టిండ్రు. ఏం చేస్కుంటరో చేస్కోండ్రి అన్నడు.”

“మరి నాకొక్క మాట చెప్పచ్చు గద అమ్మా?”

“నలుగురికి తెలిస్తే కోసేస్తరని భయం.”

యమున ఆమె పక్కనే కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“ఎట్ల పోయిండు?”

సమ్మమ్మ గ్లాసు కింద పెట్టింది.

“రోజూ పొద్దుగాల మీకు ఫోన్ చేసేటోడు. మీరు ఎత్తితే లైన్ మంచిగున్నట్టు, అప్పుడు చాయ్ తాగేటోడు. ఆ రోజు ఎన్నిసార్లు చేసినా మీరు ఎత్తలేదట బిడ్డా, వానలనే నిచ్చెన తీస్కొని ఎనుక గల్లీలకెల్లి మీ మిద్దె ఎక్కి జారిండు.”