మెడ మీద దద్దుర్లు

పెళ్ళాం గొలుసు కాజేసి, దాని చోట అచ్చం అలాంటిదే గిల్టు గొలుసు పెట్టిన రోజున, మన మెకానిక్కు తనంత తెలివైనవాడు లేడనుకున్నాడు. అసలు గొలుసు వారం తిరక్కుండా పేకాటలో ఆవిరైపోయింది. పది రోజులకల్లా ఆవిడ మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"కొత్త సబ్బు పడలేదేమోనే," అన్నాడు, మొహం అమాయకంగా పెట్టి.

మూడేళ్ళలో తొమ్మిది రకాల సబ్బులు మారాయి. ఆవిడ గోక్కుంటూనే ఉంది, వీడు పేకాడుతూనే ఉన్నాడు.

ఇప్పుడా మహాతల్లి మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఇంకో గంటలో ఆపరేషన్. వార్డు తలుపు దగ్గర పెద్ద నర్సు కాగితాల అట్టతో వీణ్ణి ఆపింది.

"మీ ఆవిడకి లోహాలేమైనా పడవా అండీ? నగలు పెట్టుకుంటే దురదలూ, దద్దుర్లూ?"

"ఎందుకండీ?"

"ఎముకకి వేసే స్టీలు రాడ్డులో నికెల్ ఉంటుంది, చవక నగల్లో ఉన్నట్టే. అది పడనివాళ్ళకి వేస్తే ఒక్కోసారి వాపొస్తుంది, ఎముక సరిగ్గా అతకదు. మళ్ళీ కోసి రాడ్డు బయటికి లాగాలి. ముందే చెబితే నికెల్ లేని టైటానియం రాడ్డు వేస్తారు."

ఆవిడ ఒంటి మీద ఆ గొలుసు తప్ప వేరే నగ లేదు. దద్దుర్లు దానివల్లేనంటే గిల్టు సంగతి బయటపడుతుంది, దాని వెనకే పేకాట సంగతి. వీడికి పెళ్ళాం మీద నిజంగానే జాలేసింది. బావమరుదులు గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఆగిపోయింది.

"అబ్బే, అలాంటివేం లేవండీ."

"మరి మెడ మీద ఆ మచ్చలు?"

"సబ్బండీ. సబ్బు పడలేదు."

"బాగా ఆలోచించి చెప్పండి. ఆవిడ కాలు సంగతి."

వీడు చెమట తుడుచుకున్నాడు. "ఆలోచించానండీ. స్టీలే వేసెయ్యండి."

నర్సు ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంది. తర్వాత వార్డు తలుపు బార్లా తీసి లోపలికి కేకేసింది.

"ఏమ్మా, నువ్వు అడిగి చూడమన్నట్టే అడిగాను, విన్నావుగా! అది గిల్టు గొలుసని పోయిన వారం కంసాలి తేల్చాడని నిన్ననే చెప్పావు కాబట్టి టైటానియం తెప్పించి పెట్టాం గానీ, మీ ఆయన సంతకం చేసిన ఈ కాగితం నువ్వు దాచుకుంటావా, పోలీసులకిచ్చెయ్యమంటావా?"