పాత కెర్నల్లో నడిచే అడాప్టరు

"దొంగలకి నా బిల్డింగులో చోటు లేదు. ఈ నెలాఖరుకి ఖాళీ చేసెయ్," అన్నాడు రౌనో.

ఒడెట్ చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది. "ఏం దొంగిలించాను రౌనో గారూ? మీ గాలాలా, మీ వానపాములా?"

"నా ఇంటర్నెట్టు."

సరస్సు ఒడ్డు ఊరు థండర్ బేలో, రేవు వీధిలో ఆ బిల్డింగు రౌనోది. ఒక సగంలో అతను చేపలు పట్టే సామాను అమ్ముతాడు. రెండో సగంలో ఒడెట్ బేకరీ. మధ్యన పల్చటి చెక్కగోడ.

రౌనో ఊరికే నింద వేసే మనిషి కాదు. సరుకును తూచినట్టే అనుమానాన్నీ తూచుకున్నాడు. శనివారం బేకరీ కిటకిటలాడుతుంది. ఆ రోజు తన లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ నత్తనడక. సోమవారం బేకరీకి సెలవు. ఆ రోజు పరుగే పరుగు. తన వైఫై పాస్‌వర్డ్ మార్చాడు. మళ్ళీ మార్చాడు. ఏమీ తేడా రాలేదు. అంటే దొంగ తెలివైనదన్నమాట. ముల్లు ఎటు మొగ్గిందో తెలియడానికి ఇంకేం కావాలి?

"కొత్తలో ఆ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి నా బల్ల దగ్గరే కూర్చునేవారు. తీపి పూత పూసిన పర్షియన్ బన్ను తింటూ, అందరిలాగే నా వైఫైలో ఆర్డర్లు చూసుకునేవారు. అప్పుడు దొంగని కాను కాబోలు," అంది ఒడెట్.

"అప్పుడు నీకింత గిరాకీ లేదు."

"ఇప్పుడు ఉన్నట్టుండి పొమ్మంటే ఆ పొయ్యి ఎక్కడ పెట్టుకోను? నా వయసు దాన్ని పనిలో ఎవరు పెట్టుకుంటారు?"

"ఆ లెక్క నాది కాదమ్మా."

ఆ వారమే రౌనో లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయింది. పగ తీర్చుకుంది అనుకున్నాడు. మెర్విన్‌కి ఫోన్ చేశాడు.

మెర్విన్ అతని పాత స్నేహితుడు. లైబ్రరీలో కూడే, కంప్యూటరును నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళ బృందానికి పెద్దదిక్కు. ఉచితంగా వస్తుందని రౌనో లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టింది అతనే. దానికి ఇంటర్నెట్ తీగ గుచ్చే రంధ్రం లేదని, యూఎస్‌బీకి తగిలించే బొటనవేలంత అడాప్టరు కొనిపించిందీ అతనే.

మెర్విన్ కాసేపు తెర చూసి నవ్వాడు. "ఇది ఒడెట్ పని కాదురా. కెర్నల్ పని."

"వాడెవడు? బేకరీలో కూర్చునేవాడా?"

"మనిషి కాదురా నాయనా! యంత్రానికి లోపలి మేనేజరు. నువ్వు అప్‌డేట్ నొక్కావు, కొత్త మేనేజరు దిగాడు. కొత్తవాడు పాత పనివాళ్ళలో కొందరిని గుర్తుపట్టడు. అలా లాప్‌టాప్ లోపలి వైఫై పోయింది, నీ అడాప్టరూ పోయింది."

లాప్‌టాప్ ఆపి, పాత కెర్నల్‌తో లేపాడు. ఇంటర్నెట్ వచ్చింది. కొత్తదానితో లేపాడు. పోయింది. కొత్తదాని లాగ్, అంటే అది రాసుకునే చిట్టా, తెరిస్తే అందులో అడాప్టరు పేరు మీద ఎర్రటి తప్పులు బారులు తీరి ఉన్నాయి. పాతదాని లాగ్ తెరవలేదు. నడిచే బండి కింద దూరి చూసేదెవరు?

"పాతదాంట్లో నడుస్తుంది, కొత్తదాంట్లో చస్తుంది. నేరస్తుడు దొరికాడు," అని మెర్విన్ చేతులు దులుపుకున్నాడు. "పాపం, ఆవిణ్ణి ఉండనివ్వరా."

"ఆగిపోవడం కెర్నల్ పద్దు. ఒప్పుకున్నాను. మరి శనివారం శనివారం నెమ్మదించడం? అది ఎవరి పద్దు?"

మెర్విన్ ఆ పద్దు వదిలేశాడు. కెర్నల్ రాసేవాళ్ళ చర్చా వేదికలో మాత్రం అడాప్టరు మీద ఫిర్యాదు పెట్టాడు. హాలిఫాక్స్ నుంచి ఒకతను, వస్తువు పంపితే విప్పి చూస్తానని జవాబిచ్చాడు.

నెలాఖరు వచ్చింది. వీధిలో లారీ ఆగి ఉంది. రౌనో బల్ల మీద లాప్‌టాప్ పాత కెర్నల్‌తో నడుస్తోంది. ఇంటర్నెట్‌లో హాకీ కామెంటరీ మోగుతోంది. మెర్విన్ అడాప్టరు పీకి, కాగితంలో చుట్టి, కవరులో పెట్టి అంటించాడు. చిరునామా రాయడం మొదలుపెట్టాడు.

"సౌండు పెంచరా, గోల్ పడేట్టుంది," అన్నాడు రౌనో.

ఒడెట్ లోపలికి వచ్చింది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. పక్కనే ఒక అట్టపెట్టె.

"పొయ్యి లారీ ఎక్కింది. ఇవి చివరి బన్నులు. మిగిలిపోయాయి, తినండి."

రౌనో మూత ఎత్తి వాసన చూశాడు. మెర్విన్ చెయ్యి చాపితే పట్టుకుని ఆపాడు. "ఆగరా. ఏం కలిపిందో ఏమో."

"పంచదార కలిపాను," అంది ఒడెట్. "మీకు పడదని తెలిస్తే తగ్గించేదాన్ని."

మెర్విన్ తల దించుకుని చిరునామా రాసుకుంటున్నాడు. ఒడెట్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"లోపల నా వైఫై పెట్టె ఒక్కటే ఉంది. అదీ విప్పుకుని వెళ్ళిపోతాను. మీ సొమ్మేదైనా నా వెంట వస్తోందనిపిస్తే లారీ వెతికించుకోండి."

తలుపు మూసుకుంది. రౌనో కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూస్తూ ఉండరా మెర్విన్. ఆవిడ ఇలా వెళ్ళగానే మన ఇంటర్నెట్ ఎలా పరుగెడుతుందో."

అడాప్టరు ఇంకా మెర్విన్ చేతిలోని కవరులోనే ఉంది, గోడ అవతల ఒడెట్ తన వైఫై పెట్టె తీగ పీకింది, ఇవతల రౌనో లాప్‌టాప్‌లో హాకీ కామెంటరీ సగం మాటలో ఆగిపోయింది.