నల్ల తెర పాఠాలు

"మౌస్ పక్కన పెట్టేయండి మావయ్యా. ఇక్కడ నొక్కడాలుండవు, రాసి చెప్పడాలే."

అల్లుడు చిప్స్ తిన్న వేళ్లతోనే కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. మావగారు దాన్ని వెనక్కి లాక్కున్నారు. జేబురుమాలు తీసి కీలన్నీ తుడిచారు.

ఆసుపత్రిలో రోగుల రికార్డులన్నీ మావగారి చేతుల్లోనే ఉంటాయి. ఆ డేటాబేస్ ఆయన కట్టిందే. ఇన్నాళ్లూ విండోస్‌లో బొమ్మల మీద నొక్కుతూ నడిపించారు. ఇప్పుడు అంతా లినక్స్‌కి, నల్ల తెర మీద అక్షరాలు కొట్టి నడిపే పద్ధతికి, మారాలన్నారు. నేర్పడానికి అదే ఆసుపత్రిలో సర్వర్లు చూసే అల్లుణ్ణే పంపారు.

కూతురు ప్రేమించి చేసుకున్న ఈ మనిషంటే మావగారికి మొదట్నుంచీ ఏవగింపే. గోళ్లు కొరికి కింద ఊస్తాడు. తెర మీద వేలు పెడితే జిడ్డు మరక మిగులుస్తాడు.

మావగారు ఒక ఫైలు పేరు కొట్టారు. అలాంటి ఫైలే లేదంది తెర.

"పెద్దక్షరం కొట్టారు మావయ్యా. దీనికి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు."

"దిక్కుమాలిన సిస్టం!"

"అలవాటైతే మీరే వదలరు చూడండి. గ్రెప్ అని కొట్టి ఒక మాటిస్తే చాలు. ఎంత పెద్ద ఫైల్లోంచైనా ఆ మాటున్న వరసలన్నీ లాక్కొచ్చి ముందు పడేస్తుంది. ఇదిగో, ఈ లాగ్ ఫైల్లో చూడండి. ఎవరు ఏ రికార్డు తెరిచినా ఇందులో పేరు పడిపోతుంది."

"అందరిదీనా?"

"అందరిదీ. పాత సిస్టంలో ఎవరూ చూడకుండా మూలపడి ఉన్నవి కూడా ఇందులోకి తెచ్చేశాం."

మావగారు మొహం చిట్లించారు. అయితే ఆ రోజు నుంచి ఆయన పట్టుదలే వేరు. భోజనం మానేసి మరీ గుచ్చి గుచ్చి అడిగేవారు. అల్లుడు పొంగిపోయాడు.

"మీ నాన్నగారు నాతో మాట్లాడుతున్నారోయ్!" అన్నాడు ఇంటికెళ్లి భార్యతో.

ఆ వారమే సూపరింటెండెంటమ్మ మావగారిని పిలిచింది.

"చర్మవ్యాధుల వార్డులో ఆడవాళ్లకి తీసిన ఫోటోలు ఎవరో తెరిచి చూస్తున్నారు. వార్డు మూసి ఉన్న రోజుల్లో కూడా! తలుచుకుంటేనే వాంతొస్తోంది. వైద్యం కోసం నమ్మి బట్ట తీసిన మనుషులండీ వాళ్లు. ఆ వెధవెవడో నాకు కావాలి."

మర్నాడు అందరి ముందూ మావగారే గ్రెప్ కొట్టారు. తెర నిండా ఒకటే పేరు. పైనుంచి కిందికి జారుతూనే ఉంది.

అల్లుడి పేరు.

"నేను తెరవలేదు మేడమ్!" అల్లుడు తెరకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నా ఇంట్లోనూ ఆడపిల్ల ఉంది. మావయ్యా, మీరైనా చెప్పండి!"

"ఛీ! ఆ నోటితో నన్ను మావయ్యా అనకు."

గుమ్మంలో నించున్న నర్సులు మొహాన ఉమ్మేసినంత పని చేశారు. అప్పటికప్పుడే ఉద్యోగం పోయింది. సాయంత్రానికల్లా కూతురు పాపనెత్తుకుని పుట్టింటికి వచ్చేసింది.

"ఎంత రుద్దుకున్నా ఒళ్లు కంపు కొడుతున్నట్టే ఉంది నాన్నా." తండ్రి భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. "వాడితో ఇన్నాళ్లు ఎలా కాపురం చేశాను? నువ్వు ఆ నల్ల తెర నేర్చుకోకపోతే నా బతుకేమయ్యేది?"

మావగారు కూతురి తల నిమిరారు.

అల్లుడు నేర్పినవాటిలో ఆయనకి బాగా పట్టుబడింది ఒక్కటే: లాగ్ ఫైల్లో తన పేరున్న చోటల్లా ఒక్క దెబ్బతో అల్లుడి పేరు పెట్టేయడం.