పేరు చదవని వాళ్లు

వరద తీశాక నక్కలకుంట కాలనీ వాళ్లు మీటింగు పెట్టుకున్నారు. ఉన్నచోటే మళ్లీ కట్టుకోవడమా, ఇంకెక్కడికైనా పోవడమా అన్నది తేలాలి. దీనికి మీటింగు కూడానా అని ఐలేశ్‌కు ఒళ్లు మండింది.

అతని ఇల్లూ మునిగిందే. కాకపోతే ఆ ప్లాటు కొన్నది వాళ్ల నాయిన. ఆ తెలివితక్కువతనంలో తనకు వాటా లేదని ఐలేశ్ కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. భార్య వసంత మాత్రం నీళ్లు తీసేదాకా పసిబిడ్డతో అటక మీదే కూర్చుంది. దిగాక ఒక్క మాట అంది.

"ఏడ కట్టినా వస్త. నా బిడ్డ పండుకున్న కాడికి మల్ల నీళ్లు రావద్దు. గదొక్కటే."

మీటింగులో ముందు ముత్యం లేచాడు. "ఇండ్లు జర ఎత్తుగ లేపుకుందాం. వాగు పొంటి గోడ కట్టియ్యమని అడుగుదాం. ఇన్నేండ్లు బతికిన జాగ ఇడిసి ఎట్ల పోతం?"

"ముత్యమన్నా, మన కాలనీ పేరేంది?" అన్నాడు ఐలేశ్.

"నక్కలకుంట."

"కుంట అంటే ఏంది?"

ముత్యం నోరు తెరిచేలోపే ఐలేశ్ అందుకున్నాడు.

"పేరులనే ఉన్నది గదా. చిన్న పోరగాన్ని అడిగినా చెప్తడు. కుంట కడుపుల ఇండ్లు కట్టుకొని, కుంటలకు నీళ్లొచ్చినయని ఏడుస్తిరి. గోడ కడ్తరట, గోడ. మీకు కండ్లున్నయా, గోలీలున్నయా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యం కూర్చున్నాడు. ఆ తర్వాత ఉన్నచోటు మాట ఎత్తే దమ్ము ఎవరికీ లేకపోయింది. సర్కారు జాగాల్లో ఒకటి మీరే చూసుకోండని అధికారులు అన్నారు. చూసే పని ఐలేశ్ నెత్తికెత్తుకున్నాడు. ఈ మందలో మెదడున్నవాడు తనొక్కడే కదా మరి.

మానుకోట టౌను దాటాక, దానికన్నా ఎత్తులో, ఒక జాగా అతనికి చూడగానే నచ్చింది. చదునైన నేల. రాళ్లు లేని నల్లటి మెత్తటి మట్టి. మండుటెండల్లో కూడా పచ్చగడ్డి. దగ్గర్లో వాగు లేదు, వంక లేదు. ఒక పక్క తాటిచెట్లు మొలిచిన పొడవాటి మట్టిదిబ్బ, దేవుడు కట్టించిన ప్రహరీలా ఉంది. దిబ్బ మొదట్లో రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డరాయి. ఎవరో దొర గడి దర్వాజా అయి ఉంటుందని తేల్చి, దాన్ని ఆనుకుని ఫోటో దిగాడు. దిబ్బ నడుమ ఒకచోట తెగి ఉంటే, పందులు రాకుండా దగ్గరుండి మట్టి పోయించి పూడ్పించాడు.

దిబ్బ మీద ఒక అమ్మవారు కూడా ఉంది. మోకాలెత్తు రాయి, వెలిసిన పసుపు. ఆ రాయిని చూశాకే వసంత ముఖం తేటపడింది.

"అమ్మవారున్న కాడ భయం లేదు," అంది.

వానాకాలం ముంగిట భూమిపూజ పెట్టారు. పాత ఇళ్ల తలుపులు, రేకులు పీకి లారీల్లో తెచ్చేశారు. వెనక్కి పోదామన్నా అక్కడేమీ మిగల్లేదు. ముత్యం కూడా కుటుంబంతో వచ్చి ఒక మూల నిలబడ్డాడు.

"ఏమన్నా, కుంట యాదికొస్తాందా?" అన్నాడు ఐలేశ్. ముత్యం తన రేకులు దించుకోవడానికి లారీ వైపు నడిచాడు. జవాబిచ్చే ముఖం కాదనుకున్నాడు ఐలేశ్.

అమ్మవారికి సాక పోయడానికి పక్క ఊరి నుంచి ముసలి ఈదమ్మను పిలిపించారు. ఆమె చెంబులో బెల్లం నీళ్లు కలిపి వేపాకు వేసింది. వసంత బిడ్డను రాయి ముందు బొంత మీద పడుకోబెట్టింది.

"అవ్వా, పేరు తల్సుకోకుండ సాక పోయద్దంటరు గదా. ఈ అమ్మవారి పేరేంది?"

"పేర్ల ఏమున్నదే," అన్నాడు ఐలేశ్ విసుగ్గా. "మబ్బు వడ్తాంది. జల్ది కానియ్యుండ్రి."

ఈదమ్మ అతని వంక చూడనైనా చూడకుండా చెంబు ఎత్తి, "పిల్లాజెల్లను సల్లంగ సూడు తల్లీ, మా పెద్దచెరువు కట్ట మైసమ్మా," అని నీళ్లు వదిలింది.