ఆఖరి వరస

"కుర్చీ ఇంకా ముందుకు లాగండి," అన్నాడు మేజర్.

తమ్ముడు కుర్చీ మీద చెయ్యి వేసి ఆపాడు. ఎదురుగా ఉన్న లేజర్ ఆయుధాన్ని తయారుచేసిన ఇంజనీరు అతనే. కుర్చీలో కూర్చున్నది అతని సొంత అన్న.

"సార్, కంటికి ప్రమాదం లేని దూరం ఆ తెల్లగీత దగ్గరండీ. అది దాటి ముందుకొస్తే..."

"వస్తే ఏమైందయ్యా? రేపు శత్రువు నీ గీత చూసుకుని నిలబడతాడా?" మేజర్ సైగతో కుర్చీ గీత దాటింది.

నిబంధన చిన్నదే. ఈ ఆయుధం మనిషి కళ్ళకు కాసేపు బైర్లు కమ్మించవచ్చు, చూపు మాత్రం పోగొట్టకూడదు. చూపు మళ్ళీ వచ్చిందని డాక్టరు సంతకం పెడితే వచ్చే వారమే సరిహద్దుకు వెళ్తుంది. పెట్టకపోతే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే, తమ్ముడి ఉద్యోగమూ ఊడినట్టే. కానీ దాని ఎదురుగా కూర్చోవడానికి ఒక్కడైనా ముందుకొస్తేగా! అందరికీ ఆ రోజే ఏవో పనులు తగులుకున్నాయి. చివరికి అన్నే కళ్ళద్దాల షాపు మూసుకుని వచ్చాడు. "నా తమ్ముడు చేసింది నా కళ్ళు తీస్తుందా? ఊరుకోరా!" అన్నాడు.

"కళ్ళ పరీక్ష చార్ట్ తెచ్చారా?" పరీక్ష గది గుమ్మంలోంచి డాక్టరమ్మ అడిగింది.

"తెచ్చానండీ. అన్నయ్య షాపులోదే." తమ్ముడు చంకలో ఉన్న కాగితం చుట్ట చూపించాడు. "ఇప్పుడే తగిలిస్తా."

"దాన్నీ పీక్కొచ్చావా?" అన్న పకపకా నవ్వాడు. "పెళ్ళయినప్పట్నుంచీ మీ వదిన మొహం కన్నా దాని మొహమే ఎక్కువ చూశాన్రా. జాగ్రత్తగా తెచ్చిచ్చెయ్."

"కబుర్లాపి స్విచ్ దగ్గరికి రావయ్యా!" మేజర్ కేకేశాడు.

తమ్ముడు పరుగెత్తాడు. నా వల్ల కాదు అని ఒక్క మాట అనాల్సింది. అనకుండానే స్విచ్ నొక్కేశాడు.

ఆకుపచ్చ వెలుగు ఒక్కసారి మెరిసింది. అన్న "అమ్మా!" అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

చూపు తిరిగి రావడానికి పెట్టిన పావుగంట గడువు తీరేదాకా డాక్టరమ్మ గడియారం చూస్తూ నిలబడింది. తర్వాత అన్న లేచి, తమ్ముడి భుజం పట్టుకుని పరీక్ష గదిలోకి నడిచాడు.

"కనిపిస్తోందా అన్నయ్యా?"

"ఏడుస్తున్నావని తెలుస్తోంది. నోర్మూసుకుని పద."

డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి కనుపాపల్లోకి లైటు వేసి చూసింది. చార్టులో వరసలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు, గోడవైపు తిరగాల్సిన పనే లేదు.

"కుడికన్ను మూసుకుని పైనుంచి చదవండి."

తమ్ముడు గుమ్మం దగ్గరే గోడకు జారబడి, కళ్ళు గట్టిగా మూసుకుని విన్నాడు. మొదటి అక్షరం సరిగ్గా వచ్చింది. రెండో వరస, మూడో వరస... అన్న ఎక్కడా తడబడలేదు. కన్ను మార్చినా అంతే. చీమతలకాయంత అక్షరాలుండే ఆఖరి వరస కూడా గడగడా చదివేశాడు.

"ఈ వయసులో ఇంత చూపా! మీరు అద్దాలు అమ్మడం అన్యాయమండీ," అంటూ డాక్టరమ్మ సంతకం పెట్టేసింది.

తమ్ముడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"వచ్చే వారమే సరిహద్దుకు! శభాష్, చెయ్యివ్వు!" అన్నాడు మేజర్.

చెయ్యి చాచగానే తమ్ముడి చంకలోంచి, ఇంకా విప్పని చార్ట్ జారి కిందపడింది.