ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు

"ఆ సుత్తి కింద పెట్టు నాయనా. నన్ను దాటుకుని గానీ ఆ కమోడ్ మీద దెబ్బ పడదు."

ఆవిడ బాత్రూం గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. ప్లంబరు సుత్తి ఎత్తలేడు, దించలేడు. ఆవిడ భుజం మీదుగా హాల్లో కూర్చున్న భర్త వంక చూశాడు.

"నా వంక చూస్తావేం? మార్చమన్నది నేను. నువ్వు పగలగొట్టెయ్" అన్నాడాయన.

"పగలగొట్టడం ఎంతసేపు? దాంతోపాటు కింద గొట్టం పగిలితే? ఆ నీళ్ళు కింద వాటా వాళ్ళ నెత్తిన పడితే? గచ్చు కుంగి మీరే అందులో పడితే?"

"పడితే నువ్వే ఫ్లష్ నొక్కెయ్. పీడా పోతుంది."

ప్లంబరు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు.

"ఈ ఇంట్లో ఏది ఉండాలన్నా, ఏది పోవాలన్నా మీ మాటే. నేను నోరు తెరిస్తే 'దానికి అన్నిటికీ భయమే' అని కొట్టిపారేస్తారు. ఈసారి కుదరదు. ట్యాంకులో నీళ్ళు నిలవడం లేదు, అంతేగా? బాగుచేయించండి. ఒక్కసారన్నా నా మాట చెల్లాలి. చెల్లేదాకా ఇక్కడినుంచి కదలను."

"చూశావా?" అన్నాడాయన ప్లంబరుతో. "తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. నిద్రలో నా గురక కాసేపు ఆగిందంటే చాలు, లేపి కూర్చోబెడుతుంది. మనవలున్న మనిషి!"

"కూర్చోబెడతాను. ఇవాళ కూడా కూర్చోబెడతాను."

ఇలా అయితే తెల్లారినట్టే అనుకున్నాడు ప్లంబరు. సుత్తి సంచీలో పడేశాడు.

"మీరిద్దరూ కాస్త ఆగండి. ట్యాంకు నీళ్ళలో రంగు కలుపుతాను. ఫ్లష్ నొక్కకుండానే ఆ రంగు కమోడ్ గిన్నెలోకి దిగిందంటే లోపలి రబ్బరు అరిగినట్టు. రబ్బరు మారిస్తే చాలు. అలా కాకుండా రంగు నేలమీదికి కారిందంటే చీలినట్టు. ఇది ట్యాంకూ కమోడూ కలిసి ఒకే ముక్క గనక మొత్తం మార్చాల్సిందే. అంతే."

"గిన్నెలోకి దిగితే నా మాటేగా?"

"మీ మాటేనమ్మా."

"విన్నారా?"

"విన్నాను. ఇంట్లో మొగుడికంటే రంగు మాటకే విలువ" అన్నాడాయన.

ప్లంబరు ఏదో చిన్న సీసా తీసుకుని లోపలికి వెళ్ళాడు. ట్యాంకు మూత చప్పుడయింది. చేతులు దులుపుకుంటూ వచ్చి, "టీ తాగొస్తాను. నేనొచ్చేదాకా ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆవిడ వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని గుమ్మం ముందు కాపలా కూర్చుంది.

కాసేపటికి ఆయన లేచొచ్చాడు. "జరుగు. లోపలికెళ్ళాలి."

"ఇప్పుడే గుర్తొచ్చిందా? నొక్కేసి రంగంతా పారబోద్దామనేగా?"

"వచ్చేది నిన్నడిగి వస్తుందా? జరగమంటే!"

"వెళ్ళండి. కానీ చెవి తలుపుకే ఆనించి ఉంటాను. నొక్కిన చప్పుడు వినపడిందో..."

"సిగ్గు లేదూ?"

"లేదు."

ఆయన వెళ్ళాడు, వచ్చాడు. చప్పుడు మాత్రం కాలేదు. తన మాట విన్నందుకు ఆవిడ మెచ్చుకోబోయింది గానీ, ఆయన అప్పటికే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇక ఆగలేక ఆవిడే లోపలికి వెళ్ళింది. వంగి కమోడ్ చుట్టూ నేలంతా అరచేత్తో తడిమింది. ఎక్కడా తడి లేదు. సీటు మూత ఎత్తింది.

"దిగింది! ఏమండీ, దిగింది! గిన్నె నిండా రంగే! ఎర్రగా, ఎంత బాగా దిగిందో రండి!"

పేపరు జారిపడ్డ చప్పుడు. ఆయన గుమ్మంలోకి వచ్చేశాడు.

"సరే, నువ్వే గెలిచావు. బాగుచేయిద్దాం. ఇక నొక్కెయ్."

"అంత తేలిగ్గానా? ఓడిపోయానని మీ నోట వినడం ఇదే మొదలు. ఆ ప్లంబరు కూడా కళ్ళారా చూడాలి. లేకపోతే రేపు 'నేనెప్పుడన్నాను' అంటారు."

"అనను. ఒట్టు. నువ్వు బయటికి రా, నేను నొక్కుతాను."

ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ ఫ్లష్ బటన్ ఆయనకి అందకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టింది.

"నా చేతులు విరిచి నొక్కండి చూద్దాం!"

"చెప్తే వినవే... నీకెందుకది? బతిమాలుతున్నాను, వదిలెయ్."

"బతిమాలినా సరే, కాళ్ళు పట్టుకున్నా సరే! ఎప్పుడూ భయపడే మనిషినేగా? ఇవాళ భయపడను. మీకూ భయపడను, మీ కోపానికీ భయపడను!"

నిజమే. ఆ క్షణాన ఆవిడకి లోకంలో దేనికీ భయం వెయ్యలేదు.

వీధి తలుపు చప్పుడయింది. ప్లంబరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"రా నాయనా, సమయానికొచ్చావు. ఈయన చెరిపేయకుండా కాపలా కాశాను. చూసి నువ్వే చెప్పు, ఎవరి మాట నెగ్గిందో!"

ప్లంబరు వంగి గిన్నెలోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత నిటారుగా లేచి, ఆవిడ వంక కాకుండా ఆయన వంక చూశాడు. ఆయన గోడకేసి చూస్తున్నాడు.

"ఏం, మాట్లాడవేం? ఈయనకి జంకుతున్నావా? ధైర్యంగా చెప్పు!"

"అమ్మా..." అన్నాడు ప్లంబరు మెల్లగా. "నేను వేసింది నీలం రంగు."